ఏడో గుహకు బస్సు దారి

బస్సు వి.కోట దాటింది, ఇంక గంటలో కుప్పం, గంటలో నేను తేల్చుకోవాలి, చెప్పాలా వద్దా అని. పొద్దున పుంగనూరులో ఎక్కినప్పటి నుంచి ఇదే, పలమనేరులో బస్సు మారినా బుర్రలో ఉన్నది మాత్రం మారలేదు, ఒళ్ళో సంచి, సంచిలో చీర మడతల మధ్య చేతిలో పట్టుకుని ఆడే ఆ చిన్న యంత్రం, దాంట్లో మా పాత ఆట, కొత్తగా చేసి అమ్ముతున్నది. మురళీధర్ మామ కూతురు దీపికకు తెస్తానని నెల కిందే ఫోనులో మాటిచ్చేశాను, నా నోరే నాకు శత్రువు. తొమ్మిదేళ్ళ పిల్ల, చురుకైనది, చేతికిస్తే రెండు వారాల్లో ఏడో గుహ దాకా పోతుంది, అక్కడ నేల మీద ఎర్ర బండలూ పచ్చ బండలూ చూస్తుంది, పచ్చవాటి మీద టకటకా నడిచి అవతలికి పోతుంది, పోయాక తలెత్తి వాళ్ళ నాన్న అంగట్లో గోడకు ఫ్రేము కట్టించి పెట్టుకున్న ఆ గుహ పటం వైపు చూస్తుంది. ఇంత సులువైన దానికి పటం యాల నాన్నా అని అడుగుతుంది. ఆ తర్వాత మామ మొహం ఎట్లా ఉంటుందో ఊహించలేకుండా ఉన్నాను.

ఆ పటం గురించి కుప్పంలో తెలియనివాళ్ళు తక్కువ. ఐదు గ్రాఫు కాగితాలు, పెన్సిలు గీతలు, ఒక్కో గడిలో ఒక చుక్కో ఇంటూ గుర్తో, పక్కన వరసకో ఊరి పేరు. మామ అంగడి టీవీల రిపేరు అంగడి, ఇప్పుడు ఎవరూ టీవీలు బాగు చేయించడం లేదు, చెడిపోతే కొత్తది కొనేస్తున్నారు, కాబట్టి మామకు మాట్లాడటానికి చాలా తీరిక. సెల్‌ఫోను చార్జరు కోసం వచ్చినవాణ్ణి కూడా కూర్చోబెట్టి ఇది చూడప్పా, మా అక్క కూతురు పన్నెండేళ్ళప్పుడు గీసింది, జపాను వాళ్ళు కట్టిన గుహ, ఎవరి సాయమూ లేకుండా దాటింది అని మొదలు పెడతాడు. ప్రమీలత్త లోపల్నుంచి మొదలయిందిరా స్వామీ అంటుంది. నేను అక్కడున్నప్పుడు ఇదంతా జరిగితే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, కానీ నిజం చెప్పొద్దూ, లోపల ఎక్కడో బాగుండేది. నా జీవితంలో నేను సొంతంగా చేసిన గొప్ప పని అదొక్కటే అని మొన్న ఆదివారం దాకా నాకూ నమ్మకమే.

సీటు వెనక ఎవరో శనక్కాయలు ఒలుస్తున్నారు, పొట్టు కాళ్ళ మీద పడుతోంది, కాలు, ఈ ఎడమ కాలు. తొంభై ఆరు వేసవి. సైకిలు నేర్చుకుంటూ మా వీధి మలుపులో పడ్డాను, తొడ ఎముక విరిగింది, నాన్న లక్ష్మీపతి కిరాణా అంగడి మూసేసి జీపు మాట్లాడి పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాడు. మూడు నెలలు కదలకూడదమ్మా అని కట్టు కట్టినాయన చెప్పాడు. కదలకుండా ఉండటం నాకు ఎవరు నేర్పారు గనక, పదో రోజున కిటికీలో కోతి కనిపిస్తే లేచాను, ఎముక జారింది, మళ్ళీ పుత్తూరు, మళ్ళీ కట్టు, ఇంకో పదిహేను రోజులకు నీళ్ళచెంబు అందుకోబోయి మళ్ళీ జారింది. మూడోసారి ఆయన నాతో మాట్లాడలేదు, మా అమ్మ సావిత్రమ్మతో మాట్లాడాడు, ఇంకొకసారి జారితే కాలు పొట్టిదైపోతుంది, జన్మంతా కుంటుతుంది, లెక్క మళ్ళీ మొదటి నుంచి, ఇక మీ ఇష్టం అన్నాడు. అమ్మ జీపులో పుంగనూరు దాకా ఏడుస్తూనే ఉంది. నేనూ ఏడ్చాను గానీ నాకు ఏడుపు కుంటి కాలు గురించి కాదు, మూడు నెలలు పైకప్పు చూస్తూ పడుకోవాలని.

మామ అప్పుడు మదనపల్లెలో హనుమంతు అనే ఆయన టీవీ అంగట్లో మెకానిక్కు. ఇరవై రెండేళ్ళవాడు, సన్నగా ఉండేవాడు. జీపు ఇంటికి చేరిన మర్నాడు మధ్యాహ్నం బస్సు దిగి వచ్చాడు, చంకలో వీడియోగేము డబ్బా, జేబులో పసుపుపచ్చ క్యాసెట్టు. మా బ్లాక్ అండ్ వైట్ టీవీని బీరువా మీద నుంచి దించి నా మంచం కాళ్ళ దగ్గర స్టూలు మీద పెట్టి, నా తల కింద రెండు దిండ్లు దోపి, మీటలున్న ఆ చిన్న డబ్బా నా చేతికిచ్చాడు. చేతులు ఎంతైనా ఆడించుకో, నడుము కిందది నీది కాదనుకో అన్నాడు. ఆటలో అక్షరాలన్నీ జపాను అక్షరాలు, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఒక కుర్రాడు, చేతిలో దీపం, పక్కన ఒక చిన్న జంతువు. అంత పొట్టిగా ఉందంటే అది పుంగనూరు ఆవే అయి ఉండాలని మామ, నేను తీర్మానించాం, పోయిన దూడ కోసం ఆ ఆవు కుర్రాణ్ణి వెంటబెట్టుకుని లోకమంతా తిరుగుతోందని కథ కట్టాం. కొత్త ఆటలో అంతా ఇంగ్లీషులో ఉంది, చదివాను, అది కుక్క. నాకు ఇప్పటికీ మనసొప్పడం లేదు.

ఆపే ముందు ఆ ఆటలోని సత్రంలో ఒక ముసలామె ఇరవై అక్షరాలు చూపించేది, మర్నాడు వాటినే తిరిగి ఎక్కిస్తే ఆపిన చోటి నుంచి మొదలవుతుంది. చదవడం రాని అక్షరాలు, వాటిని నోటుపుస్తకంలో బొమ్మల్లా గీసుకునేదాన్ని, కొడవలి, తలకిందులైన కుర్చీ, గంతేసే మనిషి, చేపగాలం. ఒక్క గీత వంకరపోతే నిన్నటి పనంతా గంగపాలు. ఇప్పటి దాంట్లో ఆ బాధే లేదు, నాలుగడుగులు వేస్తే చాలు దానంతట అదే గుర్తుపెట్టుకుంటుంది. కండక్టరు వచ్చి చిల్లర అడిగాడు, ఇచ్చాను, టికెట్టు చూపించమంటే సంచిలో చెయ్యి పెట్టాను, యంత్రం చల్లగా తగిలింది. ఇట్లాంటివన్నీ కలిపి చూస్తే కొత్త ఆట మంచి మనసున్న ఆటే, ఆడేవాళ్ళను ఏడిపించాలని దానికి లేదు. ఆరో గుహనే తీసుకుంటే, నీళ్ళ మేడ, తొమ్మిది చక్రాలు తిప్పాలి, ఏది తిప్పితే ఎక్కడ నీళ్ళు దిగుతాయో పాతదాంట్లో చెప్పేవాడు లేడు, తిప్పి, మేడంతా తిరిగి, ఎక్కడ నేల తేలిందో వెతుక్కోవాలి. కొత్తదాంట్లో చక్రం తిప్పగానే బొమ్మ అంతా జరిగి ఆ తలుపు దగ్గరికి పోయి ఇదుగో ఇక్కడే అని చూపిస్తుంది, పైగా మూలన చిన్న పటం, దాంట్లో మినుకు మినుకుమనే బాణం. అరగంటలో అయిపోయింది. పాతదానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా కాలు గుర్తు రాలేదు.

తర్వాత ఏడోది. లోపలికి అడుగు పెట్టగానే బండలు, ఎటు చూసినా బండలు, అన్నీ ఒకే బూడిదరంగు, కొన్నిటి మీద నడిస్తే ఏమీ కాదు, కొన్నిటి మీద కాలు పెడితే గుర్రుమని మోత, ప్రాణం సగానికి పడిపోవడం, రెండో తప్పుకు చావు, చస్తే సత్రానికి. మొదటి రోజు పదిసార్లు చచ్చి డబ్బా విసిరికొట్టాను. మర్నాడు మామ గ్రాఫు కాగితాలతో వచ్చాడు. ఇది జ్ఞాపకం గుహమ్మా, యా బండ మంచిదో యాది కాదో తొక్కి తెలుసుకోవాల్సిందే, తెలుసుకున్నది మర్చిపోకూడదు, నువ్వు తొక్కు నేను రాస్తా అని మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఐదు అంతస్తులు, అంతస్తుకు పద్నాలుగు వరసలు. వరసలకు అంకెలు వేస్తే గుర్తుండవని బస్సు స్టాపుల పేర్లు పెట్టాడు, రోజూ బస్సులో వచ్చే మనిషికి ఇంకేం తోస్తుంది. మొదటి అంతస్తు పెద్దమండ్యం బస్సు, రెండోది చౌడేపల్లె, అట్లా అట్లా ఆఖరి అంతస్తుకు మదనపల్లె నుంచి కుప్పం. పుంగనూరులో ఎడమకు ఒకటి, పెద్దపంజాణి మలుపులో నేరుగా, పలమనేరులో కుడికి రెండు, వి.కోటలో ఎడమకు మూడు, నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని, ఇప్పుడూ చెబుతాను. ఇందాక వి.కోటలో డ్రైవరు కుడికి తిప్పితే నా ప్రాణం సగానికి పడిపోయినట్టు ఉలిక్కిపడ్డాను, పక్కనామె ఏమయిందమ్మా అని కూడా అడిగింది.

ఎంత మెల్లగా సాగిందో ఆ గుహ. మధ్యాహ్నం రెండు గంటలే మాకు, మధ్యలో కరెంటు పోయేది, సాయంత్రం నాన్న వార్తలకు టీవీ వదిలెయ్యాలి. దానికి తోడు మామ చేసే పొరపాట్లు. టీవీ లోపల రెసిస్టరు మీద వెంట్రుకంత గీతల్ని చూసి విలువ చెప్పే మనిషి, గళ్ళ కాగితంలో మాత్రం ఒక గడికి బదులు ఇంకో గడిలో ఇంటూ పెట్టేవాడు, నేనే చెరిపి దిద్దాల్సి వచ్చేది. ఒకరోజు మూడో అంతస్తు దాదాపు అయిపోయాక ముసలామె అక్షరాల్లో కొడవలిని తిప్పి రాసుకున్నాడు, మళ్ళీ నీళ్ళ మేడ మొదటి చక్రం నుంచి ఎక్కాల్సి వచ్చింది. నేను తిట్టని తిట్టు లేదు, నీకు పెన్సిలు ఇచ్చినవాణ్ణి అనాలి అన్నాను, పన్నెండేళ్ళదాన్ని. తల గోక్కుంటూ తప్పయిపోయింది తల్లీ అన్నాడు. మర్నాడు మళ్ళీ రెండింటి బస్సుకు వచ్చాడు. ఒక్క ఆదివారం కూడా నాగా పెట్టలేదు, వానకు తడిసి వచ్చాడు, జ్వరంతో వచ్చి నా మంచం కోడుకు తల ఆనించుకుని రాశాడు. అమ్మ వాడికి కాఫీ ఇస్తూ నీ పనేం కావాలిరా అని గొణిగేది, కానీ గొణుగుతూనే రెండో గ్లాసు కూడా పోసేది.

కట్టు విప్పే రోజుకు సరిగ్గా రెండు రోజుల ముందు కుప్పం వరస దాటాను. అవతల ఎనిమిదోది, చీకటి కోట, అడుగడుక్కీ దీపంలో నూనె తగ్గుతుంది, అయిపోతే తెర మొత్తం నలుపు, మోతలు మాత్రం వినిపిస్తాయి. ఇక్కడ మాత్రం కొత్త ఆటకే నా ఓటు. కోటను పెంచారు, రాణి గది పెట్టారు, ఎవరు ఎవరికి ఏమవుతారో మాటల్లో చెప్పారు, ఆఖర్న గుహకొకటిగా తెచ్చిన ఏడు దీపాలూ వెలిగినప్పుడు వచ్చే సంగీతం విని నేను ఆఫీసు క్యాంటీనులో ముక్కు చీదుకున్నాను. పాత కోటను మేం ఒక్క మధ్యాహ్నంలో ముగించేశాం, అదేమంత కష్టం అనిపించలేదు, ఏడో గుహ దాటినవాళ్ళకు చీకటి ఒక లెక్కా. పాతది గొప్పది కొత్తది చెత్త అనే రకాన్ని కాను నేను. అందుకే మొన్నటి ఆదివారం అంత దెబ్బ తగిలింది.

మొన్న, కొత్త ఆటలో ఏడో గుహలోకి అడుగు పెట్టాను, నేలంతా ఎరుపూ పచ్చా, చిన్నపిల్లలు వేసిన బొమ్మలా. పచ్చవాటి మీద నడిస్తే ఏమీ కాలేదు. నవ్వొచ్చింది, ఈ కాలం పిల్లలకు జ్ఞాపకం పెట్టుకునే ఓపిక లేదని రంగులు వేసి ఇచ్చారు పాపం అనుకున్నాను. ఆ యంత్రంలో ఒక మీట ఉంది, నొక్కితే బొమ్మలన్నీ పాత ఆటలో ఉన్నట్టే కనిపిస్తాయి, సరదాకి పెట్టారు. నొక్కాను. గళ్ళు గళ్ళుగా మొరటుగా మా పాత గుహ వచ్చింది, అదే మోత, అదే కుర్రాడు. నేల ఎరుపూ పచ్చా. మళ్ళీ నొక్కాను, మళ్ళీ నొక్కాను. మొదటి నుంచీ రంగులున్నాయి. మా టీవీలో లేవు, అంతే. ఎరుపూ పచ్చా రెండూ ఒకే బూడిదగా కనిపించే టీవీ ముందు కూర్చుని మేము జ్ఞాపకం గుహ అని పేరు పెట్టుకుని ఐదు కాగితాలు నింపాం. కలర్ టీవీ ఉన్న ఏ ఇంట్లోనైనా పదేళ్ళ పిల్ల టిఫిను తినేలోపు దాటేసి ఉంటుంది. యంత్రం కట్టేశాను, కోపం ఎవరి మీదో తెలియదు, సిగ్గు మాత్రం నాదే.

శాంతిపురం వచ్చింది, ఇద్దరు దిగారు, టమోటా బుట్టలు ఎక్కాయి. సిగ్గు రెండు రోజుల్లో పోయింది, ఎందుకంటే నెమ్మదిగా లెక్క వేసుకుంటే ఆ పొరపాటు నాకు చేసిన మేలు తక్కువేం కాదు. గళ్ళ కాగితం మీద ఒక చోటును పెట్టడం నాకు ఆ మంచంలోనే వచ్చింది, ఇప్పుడు సర్వే ఆఫీసులో పొలాల పటాలు గీసి బతుకుతున్నాను, మా పెద్ద సారు, నవనీత గీసిన గట్టు మళ్ళీ కొలవనక్కరలేదు అని నా గురించి అంటాడు. అన్నిటికీ మించి కాలి ఎముక మళ్ళీ జారలేదు. ఆ బూడిద టీవీకి దండం పెట్టాలి నిజానికి. కానీ ఇది నేను అనుకోగలిగిన మాట, మామ అనుకోగలడా. మామకు ఆ పటం తప్ప ఏముంది, అంగడి పోతోంది, చేతి పని ఎవరికీ అక్కర్లేకుండా పోతోంది, ఆ ఫ్రేము ముందు నిలబడినప్పుడే వాడి గొంతు పాత గొంతు. కూతురు నవ్వితే ఆ ఫ్రేము దించేస్తాడు, ఏమీ అనడు, మర్నాడు గోడ మీద మేకు ఒక్కటే ఉంటుంది. అది నావల్ల కాకూడదు. కుప్పం పొలిమేరలు కనిపిస్తుండగా తేల్చుకున్నాను, అబద్ధం చెప్పేస్తాను, ముందుగానే, దీపిక ఆట ముట్టుకోక ముందే. రంగులు కొత్తగా పెట్టారని చెప్పేస్తే ఇద్దరూ నమ్ముతారు, పాత క్యాసెట్టు ఎప్పుడో పాడైపోయింది, నన్ను పట్టుకునేవాళ్ళు లేరు, ఆ పాత బొమ్మల మీట సంగతి నేను నోరెత్తకపోతే సరి.

బస్టాండులో మామ ఒక్కడే ఉన్నాడు, దీపిక బడి నుంచి ఇంకా రాలేదట. నా చేతిలో సంచి లాక్కుని బాగుండావా అమ్మా, అక్కా బావా బాగుండారా అని అడుగుతూ ముందు నడిచాడు, మోకాళ్ళు కొంచెం ఒంగాయి వాడికి, ముప్పై మూడేళ్ళకే ముందు జుట్టు పలచబడింది. టీ కొట్టు దగ్గర ఆగాం. వాడు గ్లాసు అందుకుంటుంటే నేను సిద్ధం చేసుకున్న మాట పాఠం అప్పజెప్పినట్టు అనేశాను.

"మామా, ఈ కొత్త ఆటలో ఏడో గుహకు రంగులేసి సులువు సేసి పెట్టినారు. మన పాతదాంట్లో ల్యాకపాయ."

మామ టీ ఊదుకుంటూ నా వైపు చూశాడు.

"యాల ల్యా? అప్పుడూ ఉండె. ఎర్రవి తొక్కితే సావు, పచ్చవి తొక్కితే బతుకు."

గ్లాసు కాలుతున్నా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. నువ్వు ఆ గుహకు చేరిన రోజే అన్నాడు. నేను నిద్రపోయాక నోటుపుస్తకంలోని అక్షరాలు కాగితం మీద ఎక్కించుకుని, క్యాసెట్టూ ఆట డబ్బా తీసుకుని మదనపల్లె పోయి, హనుమంతు అంగట్లో కలర్ టీవీకి తగిలించి చూశాడట. పది నిమిషాల్లో అయిపోయిందట. మర్నాడు గ్రాఫు కాగితాలు కొనుక్కుని బస్సెక్కాడట. అంటే తప్పు గడిలో ఇంటూలు, తిరగబడిన కొడవలి, తల గోక్కోవడం, అన్నీ కావాలనే. నేను తిట్టిన తిట్లు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి.

"మరి యాల సెప్పల్యా మామా?"

"సెప్పింటే నువ్వూ పది నిమిషాల్లో దాటేస్తావు. దాటేసి మంచం దిగుతావు. కట్టు విప్పేదానికి ఇంకా నలభై రోజులుండె గదమ్మా. నలభై రోజులకు సరిపొయ్యే ఇంకో ఆట నాకు యాడ దొరుకుతాది?"

అంత మామూలుగా అన్నాడు, టీలో చక్కెర తక్కువైందన్నట్టు. ఒక్క క్షణం కోపం వచ్చింది, అబద్ధమాడను, పదకొండేళ్ళు నన్ను గొప్పదాన్ని చేసి ఊరంతా చెప్పుకున్నాడు గదా అని. ఆ పటం దించేస్తావా మరి అన్నాను. దించడం యాల, నాకు రంగులు కనబడినాయి కాబట్టి దాటినా, నీకు కనబడకుండానే దాటితివి, దీపికకు కూడా అదే చెప్తా, అది రంగులు చూసి దాటితే దాని గొప్పేముంది అన్నాడు. మా ఇళ్ళలో మేనమామకు థాంక్స్ చెప్పడం అనేది లేదు, ఎట్లా చెప్పాలో కూడా తెలియదు, నోరు తెరిస్తే ఏడుస్తానని తెలుసు. టీ డబ్బులు వాడు ఇస్తుండగానే రోడ్డు మీదికి దిగి నడవడం మొదలు పెట్టాను, ఎడమ కాలు, కుడి కాలు, ఎడమ కాలు, రెండూ సమానంగా పడుతున్నాయి, పదకొండేళ్ళుగా పడుతూనే ఉన్నాయి, నేనే ఎప్పుడూ కిందికి చూడలేదు. వెనక నుంచి మామ, మెల్లగా నడువమ్మా, నేను రావద్దా అంటున్నాడు. నేను ఇంకా జోరుగా నడిచాను.